కాఫీ షాపు మంచిదో కాదో పది నిమిషాల్లో తేల్చుకోవడం

ముందు అమ్మకానికి పెట్టిన గింజల ప్యాకెట్ తిప్పి చూడండి. ఏ ప్రాంతంలో పండింది, ఏ రకం మొక్క, పండు నుంచి గింజను ఎలా తీశారు, ఏ తేదీన వేయించారు అనే వివరాలు ఉండాలి. 'నూరు శాతం అరబికా' అన్న మాట ఒక్కటే ఉంటే దాంతో తేలేదేమీ లేదు. అరబికా అంటే కాఫీ మొక్కలో ఒక జాతి, అంతే. నాసిరకం అరబికా కూడా అరబికాయే.

మేలైన కాఫీని 'స్పెషాలిటీ' అంటారు, అలా అనడానికి ఒక కొలత ఉంది. శిక్షణ పొందిన రుచి నిపుణులు నూటికి 80, ఆపైన మార్కులు వేసిన కాఫీకే ఆ పేరు. ఆ మార్కులకు పునాది తోటలోనే పడుతుంది. ఎర్రగా పండినవే ఏరి కోయాలి, పచ్చివి కలిస్తే కప్పులో వగరు వస్తుంది. మన అరకు అరబికా సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య పెరుగుతుంది. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒకే తోట గింజనైనా గుజ్జు కడిగి ఆరబెడితే రుచి తేటగా ఉంటుంది. పండుతోపాటే ఎండబెడితే పళ్ల వాసన, తీపి ఎక్కువగా తెలుస్తాయి.

వేయించాక వారం నుంచి ఐదు వారాల లోపు గింజలు తీసుకోండి. మరీ తాజా గింజల్లో గ్యాస్ నిండుగా ఉండి నీళ్లు సరిగా ఇంకవు. నల్లగా, నూనె తేలి మెరుస్తున్నాయంటే బాగా మాడేదాకా వేయించారన్నమాట. అరకైనా ఇథియోపియా అయినా అప్పుడు నాలుకకు తగిలేది మాడు చేదే.

ఇప్పుడు కౌంటర్ వైపు చూడండి. ఆర్డర్ వచ్చాకే గింజ ఆడుతున్నారా? పొడిని తూకం వేస్తున్నారా? ఎస్ప్రెసోకి, అంటే యంత్రం ఒత్తిడితో దింపే చిక్కటి కాఫీకి, మామూలు లెక్క 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో. పాలు కాచే ఆవిరి గొట్టాన్ని వాడిన ప్రతిసారీ తుడవాలి. దాని మీద ఎండిన పాలు పెచ్చు కట్టి ఉంటే ఆ షాపులో పాల కాఫీ తాగకండి. పాలు 60–65 డిగ్రీల దగ్గర ఆపితేనే తియ్యగా ఉంటాయి.

పంచదార లేని బ్లాక్ కాఫీ ఒకటి చెప్పి, సగం తాగి, మిగతాది గోరువెచ్చన అయ్యేదాకా ఆగండి. వేడి చాలా లోపాలను దాచేస్తుంది. చల్లారే కొద్దీ బత్తాయిలాంటి పులుపు, బెల్లంలాంటి తీపి తేలితే ఆ షాపుకి మళ్లీ వెళ్లండి. తడి అట్టముక్క రుచి తగిలితే గింజలు పాతబడ్డాయి.

అవే గింజల పొడిని ఇంట్లో ఫిల్టర్ కాగితంలో వేసి, పైనుంచి వేడి నీళ్లు పోసి కాఫీ దింపాలంటే 15 గ్రాముల పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్లు. పొడి సన్న పంచదారంత పలుకుగా ఉండాలి. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగండి. ముందుగా ఫిల్టర్ కాగితాన్ని వేడి నీళ్లతో తడపండి. పొడి మీద 45 మిల్లీలీటర్లు పోసి 40 సెకన్లు వదిలేయండి. తాజా పొడి బుడగలతో ఉబ్బుతుంది. మిగతా నీళ్లు రెండు విడతల్లో పోయండి. మొత్తం మూడు నిమిషాల్లో దిగిపోవాలి. రెండు నిమిషాలకే దిగి పులుపు నాలుకను కోస్తుంటే పొడి ఇంకా సన్నగా ఆడండి. నాలుగు దాటి చేదెక్కితే కాస్త బరకగా ఆడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలియదు. అన్నీ సరిగ్గా చేసినా కాఫీ చప్పగా ఉంటే నీళ్లను అనుమానించండి. బోరు నీళ్లలోని క్షారం కాఫీ పులుపును మింగేస్తుంది.