పిలిస్తే చిలుక ఎగిరి రావడం లేదా? సమస్య - కారణం - పరిష్కారం

పచ్చ రామచిలుకను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇక్కడి సంగతులన్నీ కాకటీల్, కోనూర్, ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ జాతులవి. కోనూర్, గ్రేలనైతే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్లో నమోదు కూడా చేయించాలి.

చెన్నై ఇళ్లలో ఫ్యాను ఆగే వేళంటూ ఉండదు. పిట్టను పంజరంలోంచి తీసేముందు ఫ్యాను ఆపి, అది పూర్తిగా నిలిచాకే తలుపు తెరవండి. స్విచ్ మీద టేపు అంటించండి, ఎందుకంటే చెమటతో ఇంట్లోకి వచ్చినవాళ్ల చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. కిటికీలకు మెష్ ఉండాలి, అద్దం మీద గుడ్డ కప్పాలి, వంటింటి తలుపు వేసేయాలి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ చిలుకల ప్రాణం తీస్తుంది.

గింజ చూపించినా కదలదు

చాలాసార్లు కారణం ఒకటే: ఆకలి లేదు. గిన్నె నిండా పొద్దుతిరుగుడు గింజలు ఉంటే ఒక్క గింజ కోసం రెక్క ఎందుకు విప్పుతుంది? గింజలు గిన్నెలోంచి తీసేసి శిక్షణకే దాచండి. ఒలిచిన పప్పును నాలుగు ముక్కలు చేస్తే సరిపోతుంది. కాకటీల్‌కైతే కొర్ర కంకి ఇంకా ఇష్టం. సాయంత్రం మేతకు ముందు 5 నిమిషాలు, పది పదిహేను పిలుపులు, అంతే. ఇంట్లో ఎవరో ఒకరు చాటుగా బిస్కెట్ పెడుతుంటారు, ముందు అది ఆపించండి.

ఆకలంటే పస్తు కాదు. రోజూ పొద్దున మేతకు ముందు గ్రాము తేడా చూపే కిచెన్ త్రాసు మీద తూచి రాసుకోండి. శిక్షణ మొదలుపెట్టకముందు వారం రోజుల సగటే దాని మామూలు బరువు. గ్రీన్ చీక్ కోనూర్ సాధారణంగా 60-80 గ్రాములు ఉంటుంది, కాకటీల్ 80-110. మామూలు బరువులో 5 శాతం తగ్గితే తిరిగి పూర్తి మేత పెట్టండి. 10 శాతం తగ్గితే శిక్షణ మాట మరిచి డాక్టరుకు చూపించండి. నీళ్లు మాత్రం ఎప్పుడూ తీయకూడదు.

ఆకలుండీ కదలకపోతే రెక్క విప్పి చూడండి. పల్లావరం శుక్రవారం సంతలాంటి చోట్ల కొన్నవాటికి రెక్కలు కత్తిరించి ఉండొచ్చు. బయటి పొడుగు ఈకల చివర్లు అడ్డంగా తెగి ఉంటే అదే సంగతి. అవి రాలి కొత్తవి రావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా నడిపించి, గెంతించి నేర్పండి. గాల్లోకి విసిరితే ఎగరడం రాదు సరికదా, కిందపడి రొమ్ము ఎముక దెబ్బతినొచ్చు.

జానెడు గెంతుతుంది, మూరెడు దూరమైతే రాదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. జానెడు దూరం కాళ్లతో గెంతేయవచ్చు, మూరెడుకు రెక్క విప్పక తప్పదు. పిట్ట దృష్టిలో ఇవి రెండూ వేర్వేరు పనులు. అందుకే ఈ రెంటి మధ్య దూరాన్ని బెత్తెడు కూడా కాదు, రెండు వేళ్ల చొప్పున పెంచాలి. ఐదు పిలుపుల్లో నాలుగుసార్లు వస్తేనే ఇంకాస్త జరగండి. వరసగా రెండుసార్లు రాకపోతే వెనక్కి, అది తేలిగ్గా వచ్చిన దూరానికి రండి.

తప్పు చాలావరకు మన చేతిదే. పిట్ట తటపటాయిస్తుంటే జాలిపడి చెయ్యి ముందుకు చాపుతాం. కాసేపు ఆగితే చెయ్యే తన దగ్గరికి వస్తుందని అది నేర్చుకుంటుంది. ముంజేతిని ఛాతీ ఎత్తులో అడ్డంగా, కదలకుండా పెట్టండి. ఒక్కసారే పిలిచి 5 సెకన్లు ఆగండి. రాకపోతే గింజ దాచేసి అటు తిరిగిపోండి. అర నిమిషం తర్వాత దగ్గరి నుంచి పిలవండి. పదిసార్లు పిలిస్తే ఆ పిలుపుకు విలువ ఉండదు.

పిట్ట కూర్చునే స్టాండు కర్ర నున్నగా ఉంటే కాలు జారి భయపడుతుంది, నార తాడు చుట్టండి. టైల్స్ నేల మీద దుప్పటి పరిచి ఉంచండి.

ఎగురుతుంది గానీ కర్టెన్ రాడ్ మీదికి పోతుంది

ఇది మొండితనం కాదు. పైకి ఎగరడం సులువు, వేగం తగ్గించుకుని కిందికి వాలడం కష్టం. మొదట కింది కర్ర నుంచి మీ చేతికి పైకి పిలవండి, తర్వాత సమానమైన ఎత్తు నుంచి, చివరికి బెత్తెడు బెత్తెడుగా కిందికి. రాడ్ మీద కూర్చున్నదాన్ని చీపురుతో అదిలించకండి. కుర్చీ ఎక్కి దాని ఎత్తులో చెయ్యి పెట్టండి.

గింజ కనిపిస్తేనే వస్తుంది

గింజ ముందు చూపిస్తే అది లంచం, వచ్చాక ఇస్తే కూలి. గింజను వెనక చేతిలో దాచండి, వాలగానే ఇవ్వండి. పిలుపు ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండాలి. ఒకరు ‘దా’ అని, ఇంకొకరు ‘వా’ అని పిలిస్తే కుదరదు. ఈల మంచిదే, కుక్కర్ కూతలా మాత్రం ఉండకూడదు.

పిలవకుండానే భుజం మీద వాలుతుంది

ఏమీ ఇవ్వకండి, పలకరించకండి. నెమ్మదిగా తీసి స్టాండు మీద పెట్టండి.

బాగా వచ్చేది, ఉన్నట్టుండి మానేసింది

పిలిచిన ప్రతిసారీ పంజరంలో పెడుతున్నారేమో చూసుకోండి. పది పిలుపుల్లో తొమ్మిదింటికి గింజ ఇచ్చి మళ్లీ వదిలేయాలి. రాత్రి మేత పంజరం లోపలే పెడితే దానంతటదే లోపలికి పోతుంది. ఈకలు రాలే కాలమైతే కొన్నాళ్లు మందగిస్తుంది, తొందరపెట్టకండి. మే నెలలో నోరు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుందంటే ఎండదెబ్బ సూచన. వెంటనే ఆపి నీడలో నీళ్లు పెట్టండి, మర్నాటి నుంచి పొద్దున 7 లోపే ముగించండి. ఊపిరికి తోక పైకీ కిందికీ ఊగుతున్నా, ఈకలు ఉబ్బించి ముడుచుకున్నా వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో, పక్షుల సంగతి తెలిసిన డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి.

కిటికీలోంచి బయటికి పోయింది

హాల్లో చక్కగా వస్తోందని మేడ మీద వదిలేవాళ్లున్నారు. చెన్నైలో ఆ పని వద్దు. కాకులు, గద్దలు, చెట్లకు చిక్కుకున్న మాంజా, ఇవన్నీ హాల్లో ఉండవు. ఆరుబయట తిప్పాలంటే పిట్టల హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ, దానికో తాడు) అలవాటు చేయండి.

పొరపాటున పోతే వాలిన చోటు నుంచి చూపు తిప్పకండి, ఫోన్ చేసి ఇంకొకర్ని పంజరం తెమ్మనండి. నాలుగో అంతస్తు ఎత్తు చెట్టు మీద ఉన్నదాన్ని వీధిలో నిలబడి పిలిస్తే రాదు, నిట్టనిలువునా దిగడం దానికి రాదు. దాని ఎత్తుకు సరిపోయే పక్క డాబా ఎక్కి, రోజూ పిలిచే పిలుపుతోనే పిలవండి. పంజరం, మేత గిన్నె కనబడేలా పెట్టండి. జత పిట్ట ఉంటే దాని పంజరం కూడా అక్కడే ఉంచండి. నీళ్లు కొట్టడం, కొమ్మ ఊపడం, గుంపుగా చేరడం వద్దు. చీకటి పడితే అది కదలదు. ఆ కొమ్మను గుర్తుపెట్టుకుని తెల్లవారకముందే అక్కడ ఉండండి, ఆకలి మీద వచ్చే అవకాశం ఎక్కువ. దొరికాక నీళ్లు పెట్టి, తూచి, రెక్కల కింద గాయాలున్నాయేమో వెతకండి. కాకి పొడిచిన గుర్తు చిన్నదే అయినా అదే రోజు డాక్టరుకు చూపించండి.