పునీత పోలికార్పు స్మరణ దినాన్ని ఆచరించే విధానం

ఫిబ్రవరి 23న స్ముర్న పీఠాధిపతి, వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారు) అయిన పునీత పోలికార్పును స్మరించదలచినవారు మొదట ఆయన మరణవృత్తాంతాన్ని చదవాలి. నేటి టర్కీలోని ఇజ్మీర్ నగరమే ఆనాటి స్ముర్న. అక్కడి క్రైస్తవ సంఘం ఫిలోమేలియం అనే ఊరి సంఘానికి లేఖగా రాసిన ఈ వృత్తాంతాన్ని, కొత్త నిబంధన వెలుపల మనకు దక్కిన వేదసాక్షుల వృత్తాంతాలలో అతి ప్రాచీనమైనదిగా పండితులు పరిగణిస్తారు. ఆయనను ఎరిగిన విశ్వాసులు తమ దుఃఖం ఆరకముందే రాసినది కనుక, తరువాతి శతాబ్దాల కథలన్నింటికన్నా ముందు దీనిని చదవడం న్యాయం.

లేఖ చిన్నదే, ఒక సాయంత్రం ప్రార్థన కూడికలో పూర్తిగా చదవవచ్చు. అయితే 4వ అధ్యాయం దగ్గర తప్పక ఆగండి. ఫ్రుగియ అనే ప్రాంతం నుంచి వచ్చిన క్వింతు అనే వ్యక్తి తనంతట తానే అధికారుల ముందుకు వెళ్లి, తీరా మృగాలను చూడగానే బెదిరి, అన్యదేవతలకు బలి అర్పించడానికి ఒప్పుకున్నాడు. ఇలా తమకు తాము పట్టుబడేవారిని తాము మెచ్చుకోమని సంఘం స్పష్టంగా రాసింది. పోలికార్పు అలా చేయలేదు; ఆప్తులు బతిమాలినందున నగరం విడిచి పల్లెపట్టున ఉన్న ఇంటికి వెళ్లారు. భటులు వెదకి పట్టుకున్నప్పుడు మాత్రం పారిపోకుండా, వారికి కావలసినంత అన్నపానాలు పెట్టించి, ప్రార్థనకు ఒక గంట గడువు అడిగి, రెండు గంటలపాటు నిలబడి అందరి కోసం ప్రార్థించారు. నా దృష్టిలో ఆయన పవిత్రత, తరువాత ఆయనను నిలబెట్టిన చితి మంటల మధ్య కన్నా ముందు ఈ భోజనపు బల్ల దగ్గరే కనిపిస్తుంది.

క్రీస్తును దూషిస్తే విడిచిపెడతానని రోమా అధిపతి అన్నప్పుడు, 86 ఏళ్లుగా ఆయనను సేవించాననీ, ఆయన తనకు ఏ కీడూ చేయలేదనీ, తనను రక్షించిన రాజును ఎలా దూషించగలననీ పోలికార్పు చెప్పిన జవాబు 9వ అధ్యాయంలో ఉంది. ఆ 86 ఏళ్లు ఆయన వయసో, బాప్తిస్మం నాటి నుంచి లెక్కో లేఖ చెప్పదు కనుక ప్రసంగంలో దానిని వయసుగా ప్రకటించకండి. మరణ సంవత్సరాన్ని కూడా 155 లేదా 156 అని ఎక్కువమంది చెబుతారు గాని, తొలినాటి సంఘ చరిత్రకారుడు యూసేబియస్ లెక్క మరికొంత తరువాతికి పోతుంది. 2వ శతాబ్దపు మధ్యభాగమంటే సరిపోతుంది. లేఖలో స్ముర్న యూదుల గురించి కటువైన మాటలు వస్తాయి. వాటిని ఎవరిపైనా ద్వేషానికి ఆధారం చేసుకోరాదని చదివించేవారు ముందే చెప్పాలి.

14వ అధ్యాయంలో చితి మీద ఆయన చేసిన స్తుతి ప్రార్థనను ఒక్కరే, నెమ్మదిగా, బిగ్గరగా చదవాలి.

పునీతుల గౌరవం గురించి సందేహపడేవారు ఉంటే 17, 18 అధ్యాయాలను కలిపి చదివించండి. దేవుని కుమారుడైన క్రీస్తును ఆరాధిస్తామనీ, వేదసాక్షులను ప్రభువు శిష్యులుగా, ఆయనను అనుసరించినవారిగా ప్రేమిస్తామనీ ఆ సంఘం వివరించింది. కాలిన దేహం నుంచి మిగిలిన ఎముకలను రత్నాలకన్నా, బంగారంకన్నా విలువైనవిగా ఏరుకుని, తగిన చోట ఉంచి, ఏటా ఆయన సాక్ష్యమరణ దినాన్ని జన్మదినంగా సంతోషంతో జరుపుకోవాలని నిశ్చయించుకుంది. మనం ఆచరించే స్మరణకు మూలం అక్కడే ఉంది.

కతోలిక పూజాక్రమంలో ఆ రోజు ఎరుపు వస్త్రాలు ధరిస్తారు. తపస్సుకాలం (ఈస్టరుకు ముందు ఉపవాస దినాలు) అప్పటికే మొదలైతే ఊదా రంగే ఉంటుంది, పునీతుని స్మరణ క్లుప్తంగా జరుగుతుంది. కాబట్టి ఆ ఏటి క్యాలెండరును ముందుగా చూసుకోండి.

సమయం మిగిలితే ఆయన ఫిలిప్పీ సంఘానికి రాసిన లేఖను అందుకోండి. ధనాశలో పడిన వాలెన్సు అనే పెద్దను శత్రువుగా చూడక, సంఘమనే శరీరంలో బాధపడుతున్న, దారి తప్పిన అవయవంగా తిరిగి పిలుచుకోమని అందులో కోరారు. మీ సమూహం నుంచి దూరమైనవారు ఉంటే, ఆ భాగం చదివాక వారి కోసం ప్రార్థించండి.