లక్క గిన్నె ఫోటోకి ఫ్లాష్ వద్దు

ఏటికొప్పాక లక్క బొమ్మల పద్ధతిలో అంకుడు కర్రతో గిన్నెలు చేసేవాళ్లకి ఒక మాట. కర్ర పూర్తిగా ఆరాకే లేత్ (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) ఎక్కించండి. పచ్చిగా ఉంటే తర్వాత నెర్రెలిస్తుంది, పైన ఎంత మంచి లక్క వేసినా దక్కదు. తిరుగుతున్న గిన్నెకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. వెంటనే ఎండు మొగలి ఆకుతో అదిమితే పూత సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది.

ఫోటోకి ఆ మెరుపే చిక్కు. ఫ్లాష్ వేస్తే అంచు మీద తెల్లమచ్చ పడి అసలు రంగు పోతుంది. ఫ్లాష్‌తో పాటు గదిలో లైట్లు కూడా ఆపేయండి, రెండు రకాల వెలుగు కలిస్తే రంగు తేడాగా వస్తుంది. ఎండ పడని కిటికీ పక్కన పెట్టి, కిటికీకి పల్చటి తెల్లగుడ్డ కట్టండి. నీడ వైపు వెలుగు తిరిగి పడేలా ఒక తెల్ల థర్మాకోల్ ముక్క నిలబెడితే చాలు. పసుపుతో వేసిన రంగైతే ఎండలో అసలు ఉంచొద్దు, వెలిసిపోతుంది.

మెత్తటి గుడ్డతో వేలిముద్రలు తుడవండి. ఫోన్ మరీ దగ్గరగా పెడితే గిన్నె ఆకారం సాగినట్టు వస్తుంది, పైగా మీ ప్రతిబింబం కూడా అందులో కనిపిస్తుంది. కాస్త వెనక్కి జరిగి, 2 రెట్లు జూమ్ చేసి, లోపలి భాగం కొంచెం కనిపించేలా పైనుంచి తీయండి. ముందు అంచు మీద ఫోకస్ పెట్టి ఫోన్ కెమెరాలో వెలుతురు (ఎక్స్‌పోజర్) కొద్దిగా తగ్గించండి. అడుగున లక్క వేయని చోటు ఉంటే దానికీ ఒక ఫోటో తీయండి, కొనేవాళ్లు కర్రని చూడాలనుకుంటారు.