జవాబు కరెక్టే, మార్కు సున్నా: తెలుగు క్విజ్‌లో ఎక్కడ చూడాలి

మూడుల్‌లో తెలుగు క్విజ్ పెట్టారు. మూడుల్ అంటే బడులు పాఠాలు, పరీక్షలు ఆన్‌లైన్‌లో పెట్టుకునే సాఫ్ట్‌వేర్. ఒక్క మాటలో జవాబు టైప్ చేసే ప్రశ్నలు. మొక్కలు పగటిపూట ఆహారం తయారుచేసుకుంటూ వదిలే వాయువు ఏది? పిల్లలు 'ఆక్సిజన్' అని రాశారు. మాస్టారు పెట్టిన జవాబుల కీలోనూ 'ఆక్సిజన్' అనే ఉంది. మార్కు సున్నా. రిపోర్టు తెరిస్తే రెండు మాటలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఇంకో విడ్డూరం, నలుగురైదుగురికి మార్కు పడుతుంది. ఆరా తీస్తే వాళ్లు పాఠం పేజీలోంచి మాటను కాపీ చేసి పేస్ట్ చేసినవాళ్లు. సొంతంగా టైప్ చేసినవాళ్లకే సున్నా.

గుంటూరు నుంచీ, విజయవాడ నుంచీ కూడా ఈ ఫోన్లు నాకు వస్తూనే ఉంటాయి, ఎక్కువగా క్విజ్ గడువు ముగిసిన శనివారం రాత్రి. ఫోన్ చేసేసరికే బ్రౌజర్ మార్చి ఉంటారు, సర్వర్ రీస్టార్ట్ చేసి ఉంటారు, నెట్‌ని తిట్టి ఉంటారు. ఒక మాస్టారైతే టెన్షన్‌తో ప్రశ్నలన్నీ మల్టిపుల్ చాయిస్‌లోకి మార్చేశారు. ఎవరూ చేయని పని ఒక్కటే.

కీలో ఉన్న జవాబును పూర్తిగా చెరిపేయండి. అదే మాటను చేత్తో మళ్లీ టైప్ చేసి సేవ్ చేయండి. ప్రివ్యూ తెరిచి జవాబు కూడా చేత్తోనే టైప్ చేయండి. అరనిమిషం పని. మార్కు పడిందంటే సాఫ్ట్‌వేర్‌కి ఏ రోగమూ లేదు, పాత కీలో కనపడనిదేదో ఉంది. ఇది చేయకుండా నాకు ఫోన్ చేస్తే నేను మొదట చెప్పేదీ ఇదే.

ముందు తేలిక కారణాలు

'స్పేస్ కొట్టి ఉంటారు' అని పిల్లల మీద తోసేయకండి. జవాబుకు ముందూ వెనకా ఉన్న స్పేస్‌ని మూడుల్ తనే తీసేస్తుంది. మాటల మధ్య ఖాళీ మాత్రం లెక్కలోకి వస్తుంది. 'కిరణజన్య సంయోగక్రియ' అని కీలో ఉంటే 'కిరణజన్యసంయోగక్రియ' అని కలిపి రాసినవాళ్ల మార్కు పోతుంది. రెండు రూపాలూ కీలో పెట్టండి.

మాట వేరే అయితే అది మన తప్పే. మన బడుల్లో 2020 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలు నడుస్తున్నాయి. పిల్లవాడు ఏ పేజీ చూసి చదివాడో ఆ మాటే రాస్తాడు. కొందరు పెద్ద మాస్టార్లు ఇప్పటికీ కీలో 'ఆమ్లజని' అని పెడతారు. ఆ మాట ఎంత బాగున్నా ఈ తరం పిల్లల నోట వినబడదు.

జవాబు చోట ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తే అది డీటీపీ షాపుల్లో వాడే పాతరకం అను ఫాంట్ నుంచి నేరుగా పేస్ట్ చేసిన సరుకు. కంటికే తెలిసిపోతుంది కాబట్టి దాంతో పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదం అంతా దాన్ని, ఫోన్లూ కంప్యూటర్లూ ఇప్పుడు వాడే అక్షరాల పద్ధతైన యూనికోడ్‌లోకి 'కన్వర్ట్' చేశాకే మొదలవుతుంది.

అసలు దొంగ

మొదటిసారి నేనూ బోల్తా పడ్డాను. గుంటూరులో ఒక బడి, తొమ్మిదో తరగతి సైన్సు. ల్యాబ్‌లో ఒకమ్మాయి లేచి, "సార్, నేను రాసిందీ మీరు రాసిందీ ఒకటే కదండీ?" అంది. "ఎక్కడో తప్పు కొట్టి ఉంటావులేమ్మా" అనేశాను. తర్వాత కీ మళ్లీ టైప్ చేస్తే మార్కు పడింది. ఏదో అయిందిలే అని వదిలేశాను. రెండు వారాలకు అదే ప్రశ్నల ఫైలు ఇంకో సెక్షన్‌కి ఎక్కించారు. మళ్లీ అదే గోల.

అప్పుడు ఫైలు పట్టుకుని కూర్చున్నాను. బ్రాడీపేటలోని ఓ డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన ప్రశ్నపత్రాన్ని ఎవరో కన్వర్టర్‌లో వేసి యూనికోడ్ చేసి పంపారు. అందులోంచి 'ఆక్సిజన్' ఒక్కటి నోట్‌ప్యాడ్‌లో వేసి చివర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ కొట్టాను. ఏమీ కదల్లేదు. కీబోర్డు పోయిందనుకున్నాను. ఇంకోసారి కొట్టాను. అప్పుడు పొల్లు పోయి 'న' మిగిలింది. మొదటి దెబ్బకి పోయింది ఏమిటి మరి?

దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు లేని గుర్తు. తెలుగులో దాని పని, పొల్లు తర్వాత వచ్చే హల్లు వత్తుగా మారిపోకుండా ఆపడం. అది ఉంటే 'పాస్‌వర్డ్', లేకపోతే 'పాస్వర్డ్'. మాట మధ్యలో ఉంటే ఇలా కంటికి తేడా తెలుస్తుంది. మాట చివర ఉంటే తేడా ఏమీ కనపడదు. ఇక్కడే రెండుసార్లు రాస్తున్నాను చూడండి: ఆక్సిజన్, ఆక్సిజన్‌. రెండోదాని చివర ఆ గుర్తు ఉంది. మీ కంటికే కాదు, నా కంటికీ కనపడదు. కంప్యూటర్‌కి మాత్రం ఇవి రెండు వేరువేరు మాటలు.

మాట చివర ఇది ఎందుకు చేరుతుందంటే, పాత ఫాంట్లలో 'న్' మొత్తం ఒకే బొమ్మ. కన్వర్టర్ దాన్ని 'న', పొల్లు అని విడగొడుతుంది. తర్వాతి అక్షరం వచ్చి కింద అతుక్కుంటుందేమోనన్న భయంతో ఈ గుర్తు కూడా తగిలిస్తుంది. మాట అక్కడితో అయిపోయిందా లేదా అన్నది చూడదు. వార్తల సైట్ల నుంచి కాపీ చేసిన మాటల్లోనూ ఇది తరచుగా ఉంటుంది. పిల్లలు ఫోన్లో అక్షరం అక్షరం కొట్టినప్పుడు మాట చివర ఇది రాదు. పాఠం పేజీ, కీ రెండూ ఒకే కన్వర్ట్ చేసిన ఫైలు నుంచి వచ్చాయి కాబట్టి కాపీ కొట్టినవాళ్లకు మార్కు పడింది.

కారణం ఇదేనా అని ఏ పరికరమూ లేకుండా పసిగట్టే దారి ఒకటుంది, అది మన భాష ఇచ్చిందే. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. పొల్లుతో ముగిసేవి చాలావరకు బయటి నుంచి వచ్చినవి. కాబట్టి 'గుండె', 'నీరు', 'కృష్ణా నది' అన్న జవాబులకు మార్కులు పడి, 'హైడ్రోజన్', 'ఇన్సులిన్', 'విటమిన్' దగ్గర సున్నాలు వస్తుంటే ఇక వేరే అనుమానం అక్కర్లేదు. కంప్యూటర్ పాఠం క్విజ్ అయితే మౌస్, మానిటర్, ప్రింటర్ అన్నీ కట్టకట్టుకుని పోతాయి.

ఖాయం చేసుకోవాలంటే బ్యాక్‌స్పేస్ పరీక్ష చాలు. ఒక దెబ్బకి పొల్లు పోతే మాట శుభ్రం. ఏమీ కదలకపోతే దొంగ దొరికినట్టే. జవాబులు వందల్లో ఉంటే గూగుల్ షీట్స్‌లో ఒక కాలమ్‌లో వేసి పక్కన గుర్తులు లెక్కపెట్టే లెన్ (LEN) ఫార్ములా పెట్టండి. 'ఆక్సిజన్'కి 8 రావాలి: ఆ, క, పొల్లు, స, గుడి, జ, న, పొల్లు. 9 వచ్చిందంటే ఒకటి ఎక్కువ ఉంది. అదేమిటో చూడాలంటే రైట్ (RIGHT) ఫార్ములాతో చివరి గుర్తును విడిగా తీసి, దాని నంబరు చెప్పే యూనికోడ్ (UNICODE) ఫార్ములాకి ఇవ్వండి. 3149 వస్తే పొల్లు. 8204 వస్తే మన దొంగ.

తీసేయడం

షీట్స్‌లో సబ్‌స్టిట్యూట్ ఫార్ములా వాడి, యూనీచార్ (UNICHAR) 8204 ఉన్నచోట ఏమీ లేకుండా చేయించండి. ట్రిమ్ మీద ఆశ పెట్టుకోకండి, అది స్పేస్‌లనే తీస్తుంది. ఈ పని జవాబుల కాలమ్ మీదే చేయండి, మొత్తం ఫైలు మీద కాదు. ఒకసారి తొందరపడి ఫైలంతా శుభ్రం చేశాను. ప్రశ్నల్లో ఉన్న సాఫ్ట్‌వేర్‌లు, నెట్‌వర్క్‌లు అన్నీ సాఫ్ట్వేర్లు, నెట్వర్క్లు అయి కూర్చున్నాయి.

'పాస్‌వర్డ్' లాంటి మాట జవాబుగా ఉంటే గుర్తు ఉన్న రూపం, లేని రూపం రెండూ సరైన జవాబులుగా పెట్టాల్సిందే. ఫోన్ కీబోర్డు సూచించిన మాటను నొక్కిన పిల్లవాడికి ఒక రూపం రావచ్చు, అక్షరాలు కూర్చుకున్నవాడికి ఇంకొకటి. మూడుల్‌లో ఎన్ని జవాబులైనా చేర్చుకోవచ్చు. గూగుల్ ఫామ్స్ క్విజ్‌లోనూ షార్ట్ ఆన్సర్‌కి ఒకటికంటే ఎక్కువ సరైన జవాబులు ఇవ్వొచ్చు. హెచ్‌5పీ (H5P) అనే క్విజ్ సాధనంలో ఖాళీలు పూరించే ప్రశ్న అయితే రూపాల మధ్య ఏటవాలు గీత (/) పెడితే సరిపోతుంది.

మూడుల్‌లో జవాబు చివర నక్షత్రం గుర్తు (*) పెడితే ఆ తర్వాత ఏమున్నా ఒప్పుకుంటుంది. అడ్డదారిగా పనికొస్తుంది, కానీ 'ఆక్సిజన్ కాదు' అని రాసినవాడికీ మార్కు పడుతుంది. అలా రాసేవాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు.

కీ సరిచేసి ఊరుకుంటే పాత మార్కులు మారవు. గ్రేడ్స్ రిపోర్టులోకి వెళ్లి రీగ్రేడ్ నొక్కాలి. సగంమంది ఇక్కడ ఆగిపోయి 'మీరు చెప్పింది పనిచేయలేదు సార్' అని మళ్లీ ఫోన్ చేస్తారు.

మిగతావి

పొల్లు లేని మాటకి కూడా సున్నా మార్కు వస్తుంటే ఆ మాట లోపలి సున్నానే చూడండి. 'గుంటూరు'లో ఉండాల్సింది అక్షరమైన సున్న. కొందరు దాని బదులు తెలుగు అంకె సున్నా కొడతారు: గు౦టూరు. కొన్ని ఫాంట్లలో తేడా పట్టడం కష్టం. యూనికోడ్ ఫార్ములాలో అక్షరానికి 3074, అంకెకి 3174, సరిగ్గా వంద తేడా. ఇంగ్లిష్ 'ఓ' అక్షరం కొట్టేవాళ్లూ ఉన్నారు, అది కాస్త పరిశీలనగా చూస్తే తెలిసిపోతుంది.

ఐత్వాన్ని రెండు ముక్కలుగా దాచుకునే ఫైళ్లు ఎక్కడో ఒకటి తగులుతాయి, మూడుల్ వాటిని తనే సర్దుకుంటుంది. సర్వర్ పాడవడం, డేటాబేస్ తెలుగును మింగేయడం లాంటివైతే ఒక్క జవాబుతో ఆగవు, పేజీ అంతా ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి. అది మీరు చేసే పని కాదు, సర్వర్ చూసుకునేవాళ్లకు చెప్పండి.