వృత్తి విద్య కోసం విదేశీ సందర్శన: పాఠశాల అధిపతులు ఎలా సిద్ధం కావాలి

వృత్తి విద్యను మెరుగుపరచుకునేందుకు ప్రధానోపాధ్యాయులు, ప్రిన్సిపాళ్లు జరిపే విదేశీ సందర్శనలలో ముందుగా కంటబడేవి వర్క్‌షాపులు, వాటిలోని యంత్రాలు. ఫొటోలకు ఎక్కేవీ అవే. అయితే ఆ యంత్రం ముందుకు విద్యార్థి ఏ ఒప్పందం మీద వచ్చాడో, అతని పనిని ఎవరు సరిదిద్దుతారో, ఖర్చు ఎవరు భరిస్తారో అడిగితే తప్ప తెలియదు. అందువల్ల సందర్శనను ఒప్పందాలు, టైమ్‌టేబుళ్లు, పరీక్షా నిబంధనల చుట్టూ రూపొందించుకోవడం మంచిది.

దేశాన్ని ఎంచుకోవడానికి ముందే ప్రశ్నను రాసుకోవాలి. "అక్కడి వృత్తి విద్యను పరిశీలించడం" అని రాసుకుంటే అది ప్రశ్న అనిపించుకోదు. "కంపెనీల్లో శిక్షణకు పంపిన విద్యార్థులు మధ్యలో మానేయకుండా అక్కడ ఏమి చేస్తున్నారు?" అన్నది ప్రశ్న. అలాంటిది ఒకటి, మహా అయితే రెండు చాలు. ఆ విషయంలో మీ పాఠశాల పరిస్థితిని, ఎందరు చేరారు, ఎందరు పూర్తి చేశారు, ఎందరు పనిలో కుదురుకున్నారు అనే అంకెలతో సహా ఒక పేజీలో రాసి ముందుగానే పంపితే, మీకు ఏది చూపించాలో ఆతిథ్యమిచ్చే పాఠశాలకు అర్థమవుతుంది.

ప్రశ్న తేలాక దేశాన్ని ఎంచుకోవడం సులువు. పాఠశాలకూ కంపెనీకీ మధ్య బాధ్యతల పంపకం మీ సమస్య అయితే జర్మనీ ద్వంద్వ విధానం చూడదగినది. అక్కడ అప్రెంటిస్ సాధారణంగా వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలోనూ, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలోనూ గడుపుతాడు. కంపెనీలో జరిగే శిక్షణకు 1969లో వచ్చిన వృత్తి శిక్షణ చట్టం ఆధారం. చిన్న సంస్థలు అన్ని నైపుణ్యాలనూ నేర్పలేకపోతున్నాయన్నది మీ చిక్కు అయితే, కంపెనీకీ పాఠశాలకూ తోడుగా ఆయా వృత్తుల సంఘాలు నడిపే ఉమ్మడి కోర్సులను మూడో అభ్యాస స్థలంగా నిలబెట్టిన స్విట్జర్లాండ్ ఎక్కువ ఉపయోగపడుతుంది. ఒకే తరగతిలో వేర్వేరు స్థాయిల విద్యార్థులు ఉంటే, 2018 సంస్కరణతో ప్రతి విద్యార్థికీ విడిగా అభ్యసన ప్రణాళిక రూపొందించే పద్ధతిని బలపరచిన ఫిన్లాండ్ వైపు చూడవచ్చు.

బృందంలో అందరూ పాలకులే ఉండకూడదు. తిరిగి వచ్చాక మార్పును అమలు చేయవలసిన వర్క్‌షాపు బోధకుడు, వీలైతే మీ విద్యార్థులను తీసుకునే కంపెనీ ప్రతినిధి తప్పక వెళ్లాలి. వ్యవధి విషయంలో, ఐదు రోజుల్లో ఐదు పాఠశాలలు తిరగడం కన్నా ఒకే పాఠశాలలో, దానితో ముడిపడిన రెండు కంపెనీలలో గడపడం మేలని నా అభిప్రాయం. మొదటి రోజు ఎక్కడైనా స్వాగతోపన్యాసాలతోనే గడిచిపోతుంది. ఐరోపా సమాఖ్య వారి ఎరాస్మస్ ప్లస్ కార్యక్రమం వృత్తి విద్యా సిబ్బంది మరో సంస్థలో తోటివారి పనిని వెంట ఉండి గమనించడానికి 2 నుంచి 60 రోజుల వరకు అవకాశమిస్తుంది కాబట్టి, ఆ నిధులకు అర్హత ఉన్నవారు వ్యవధిని మరీ కుదించుకోనక్కరలేదు.

అక్కడికి వెళ్లాక ఎవరితో మాట్లాడతారన్నదే అసలు విషయం. ప్రిన్సిపల్ తమ విధానాన్ని వివరిస్తారు. అది రోజువారీగా ఎలా నడుస్తుందో చెప్పగలిగింది కంపెనీలోని శిక్షకుడు, అప్రెంటిస్‌లు. అప్రెంటిస్‌లతో వారి ఉపాధ్యాయులు పక్కన లేనప్పుడు మాట్లాడే ఏర్పాటును కార్యక్రమ పత్రంలోనే కోరండి. అనువాదకునికి ఆ వృత్తిలోని పనిముట్ల పేర్లు, పరీక్షా పదాలు ముందే అందించాలి.

పత్రాలను కూడా అడిగి చూడాలి. జర్మనీలో అప్రెంటిస్ తాను నేర్చుకున్నదాన్ని శిక్షణ రికార్డులో నమోదు చేయాలి; అతనూ శిక్షకుడూ సంతకం చేసిన ఆ రికార్డును సమర్పించడం తుది పరీక్షకు అర్హత నిబంధనల్లో ఒకటి. ఆ పరీక్షా మండలిలో యజమానుల, ఉద్యోగుల ప్రతినిధులు సమాన సంఖ్యలో, వారితోపాటు కనీసం ఒక వృత్తి పాఠశాల ఉపాధ్యాయుడు ఉంటారు. ఈ రెండు ఏర్పాట్లనూ పరిశీలిస్తే, ఆ ధ్రువపత్రాన్ని కంపెనీలు ఎందుకు నమ్ముతాయో ఏ కొత్త లేత్ మిషన్ చూసినా తెలియనంతగా తెలుస్తుంది.

ప్రతి సాయంత్రం చూసినవి, విన్నవి, ఊహించినవి వేర్వేరుగా రాసుకోవాలి. ఈ మూడూ కలిసిపోయిన నివేదికలే ఎక్కువ.

తిరిగి వచ్చాక, నేర్చుకున్నవాటిలో చట్టం మారితే తప్ప సాధ్యం కానివాటిని పక్కన పెట్టి, మీ అధికార పరిధిలో ఉన్న ఒకదాన్ని ఎంచుకోండి. శిక్షణ రికార్డును ఒకే కోర్సులో ఒక సెమిస్టర్ పాటు అమలు చేయడం అలాంటిదే. ఆతిథ్యమిచ్చిన వారి ప్రతిసందర్శనను కూడా సరిగ్గా ఆ సెమిస్టర్ మధ్యలో పెట్టుకుని, వారికి పూర్తయిన ఫలితాలకు బదులు ఎవరూ నింపని పేజీలు, సంతకం చేయడానికి తీరిక దొరకని శిక్షకులు ఉన్న చోటును చూపించి సలహా అడగండి.