వరద క్లెయిమ్ మీద అద్దె ఇంటికి మారే ముందు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు చాలామంది మంచాలు, ఫ్రిజ్‌లు బయట పారేశాకే ఇన్సూరెన్స్ సంగతి గుర్తు చేసుకున్నారు. తొందరపడకండి.

• కడగడానికి ముందే ఫొటోలు, వీడియో తీయండి. గోడ మీద నీటి గీత తప్పకుండా కనిపించాలి. నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ వచ్చేదాకా పాడైన సామాను ఉంచండి. కుళ్లిపోయి పారేయక తప్పకపోతే ఫొటో తీసి, కంపెనీకి మెసేజ్ పెట్టి పారేయండి.

• పాలసీ తీసి చదవండి. 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీలో ఇంటి భవనానికి బీమా ఉంటే, ఇల్లు నివాసయోగ్యం కానప్పుడు వేరేచోట ఉండే అద్దె కూడా అందులోనే ఉంటుంది. కానీ ఊరికే ఇవ్వరు: ఇల్లు ఉండడానికి పనికిరాదని ఆర్కిటెక్ట్ లేదా స్థానిక అధికారి సర్టిఫికెట్ కావాలి. నగలకు విడిగా కవర్ తీసుకుని ఉండాలి.

• లోన్ ఇచ్చిన బ్యాంకు పాలసీ చేయించిందా? కాపీ అడగండి. అది భవనానికి మాత్రమే అయి ఉండొచ్చు, సామానుకు కాకుండా.

• కొత్త ఇంటి అద్దె పాత ఇంటి స్థాయికి తగ్గట్టే ఉండాలి. విల్లా తీసుకుని బిల్లు పంపితే కొర్రీ వేస్తారు, అందులో వాళ్ల తప్పూ లేదు.

• మామూలుగా రాసే పదకొండు నెలల అగ్రిమెంట్‌లో ముందే ఖాళీ చేసే షరతు రాయించండి. అడ్వాన్స్, అద్దె యూపీఐలోనే. రసీదు అడగడానికి మొహమాటం వద్దు.

• గ్రౌండ్ ఫ్లోర్ మళ్లీ తీసుకోకండి, బాబూ!