ఎమ్‌ఎక్స్ రికార్డు అన్ని నేమ్ సర్వర్లలో ఒకేలా ఉందా? స్క్రిప్టుతో చూడటం ఎలా?

ఎమ్‌ఎక్స్ రికార్డు అంటే డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే డీఎన్‌ఎస్ ఎంట్రీ. ఆ డొమైన్ రికార్డులను ఉంచుకుని, అడిగినవాళ్లకి చెప్పేవే నేమ్ సర్వర్లు. మెయిల్ సర్వీసు మార్చాక కొన్ని మెయిళ్లు కొత్త ఇన్‌బాక్సుకి, కొన్ని పాతదానికి వెళ్తుంటే టెన్షనే. కారణం పాత జవాబు ఎక్కడో క్యాష్‌లో (తాత్కాలిక నిల్వలో) మిగిలిపోవడమైతే, టీటీఎల్ (జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే సమయం) గడువు తీరగానే సర్దుకుంటుంది. డొమైన్ నేమ్ సర్వర్లలో ఒకటి కొత్త రికార్డు అందుకోకపోతే మాత్రం మనం పట్టుకునేదాకా అలాగే ఉంటుంది. అందుకే ఒక్కో సర్వర్‌నీ విడిగా అడగాలి.

1. లైనక్స్ లేదా మ్యాక్ టెర్మినల్‌లో డిగ్ (dig, డీఎన్‌ఎస్ రికార్డులు అడిగే) కమాండుతో డొమైన్ ఎన్‌ఎస్ రికార్డులు (దాని నేమ్ సర్వర్ల జాబితా) తెప్పించండి. ప్లస్ షార్ట్ (+short) ఆప్షన్ ఇస్తే పేర్లు మాత్రమే వస్తాయి.

2. బాష్ ఫర్ లూప్‌లో ఒక్కో సర్వర్ పేరు ముందు @ పెట్టి, ఎమ్‌ఎక్స్ అడగండి. ప్లస్ నోరికర్స్ (+norecurse) ఆప్షన్ చేర్చండి, అప్పుడు సర్వర్ ఇంకెవరినీ అడగకుండా తన దగ్గరున్నదే చెప్తుంది. టైమ్ 3 సెకన్లు (+time=3), ట్రైస్ 1 (+tries=1) చాలు.

3. అసలు జాగ్రత్త ఇక్కడే. జవాబును పైపుతో నేరుగా సార్ట్‌కి పంపితే మీకు కనిపించే ఎగ్జిట్ కోడ్ (కమాండు పని ఎలా ముగిసిందో చెప్పే అంకె) సార్ట్‌దే, డిగ్‌ది కాదు. ముందు జవాబును వేరియబుల్‌లో పెట్టి, కోడ్ చూడండి. 9 వస్తే సర్వర్ పలకలేదన్నమాట. 0 వచ్చి జవాబు ఖాళీగా ఉంటే రికార్డు లేదని అనుకోకండి. సర్వర్ రిఫ్యూజ్డ్ (జవాబివ్వను) అన్నా, సర్వ్‌ఫెయిల్ (జవాబివ్వలేకపోయాను) అన్నా ప్లస్ షార్ట్ దాన్ని చూపించదు. ఆ ఒక్క సర్వర్‌ని షార్ట్ లేకుండా మళ్లీ అడిగి, స్టేటస్ చదవండి.

4. ఇప్పుడు సార్ట్ చేసి పోల్చండి. ఒకే రికార్డులు వేర్వేరు వరుసలో రావడం మామూలే, సార్ట్ చేయకపోతే ఉత్తుత్తి అలారాలు మోగుతాయి. నిజంగానే తేడా ఉంటే ఎస్‌ఓఏ సీరియల్ (డొమైన్ రికార్డుల వెర్షన్ నంబరు) అడగండి. జోన్ ట్రాన్స్‌ఫర్‌తో (ప్రధాన సర్వర్ నుంచి రికార్డులు కాపీ చేసుకుంటూ) నడిచే సర్వర్లలో ఒకదాని సీరియల్ వెనకబడి ఉంటే ట్రాన్స్‌ఫర్ ఆగిందనో, ఇంకా జరగలేదనో అర్థం.

అన్నీ ఒకేలా ఉన్నా, అన్నీ కలిసి తప్పై ఉండొచ్చు. ఎమ్‌ఎక్స్‌లో హోస్ట్ పేరే ఉండాలి, ఐపీ అడ్రస్ కాదు. ఆ పేరు సీనేమ్ (ఇంకో పేరుకి దారి చూపే మారుపేరు) కూడా కాకూడదు. పేరు ముందు చిన్న అంకె ఉన్న సర్వర్‌కే మెయిల్ ముందు వెళ్తుంది, 20 కన్నా 10 ముందు. సున్నా పక్కన ఒట్టి చుక్క ఉంటే ఆ డొమైన్ మెయిల్ తీసుకోదని అర్థం. అదే లూప్‌లో టీఎక్స్‌టీ (టెక్స్ట్) రికార్డులు కూడా అడగండి. వాటిలో ఎస్‌పీఎఫ్ లైన్లు (ఈ డొమైన్ పేరుతో ఎవరు మెయిల్ పంపొచ్చో చెప్పేవి) రెండు కనిపిస్తే ఒక్కటిగా కలపండి, రెండుంటే చెక్ ఫెయిలవుతుంది.

5. చివరగా 8.8.8.8, 1.1.1.1, 9.9.9.9లను అడగండి, ఇవి ఎవరైనా వాడుకోగల పబ్లిక్ డీఎన్‌ఎస్ సర్వర్లు, జవాబులను క్యాష్ చేసుకుంటాయి. ఇక్కడ నోరికర్స్ తీసేయాలి. ప్లస్ షార్ట్ బదులు ప్లస్ నోఆల్ (+noall), ప్లస్ ఆన్సర్ (+answer) పెడితే మిగిలిన టీటీఎల్ సెకన్లలో కనిపిస్తుంది. ఇవి కూడా కొత్త జవాబే ఇచ్చినా పాత మెయిల్‌బాక్సుని వెంటనే మూయకండి, ఇంకెవరి క్యాష్‌లోనైనా పాతది ఉండొచ్చు. పాత టీటీఎల్ పూర్తిగా గడిచేదాకా ఆగండి.